కేసు కట్టని ఫోన్లు

ఎల్‌ఎల్‌ఎంలో క్రైమ్స్ బ్రాంచి తీసుకున్నప్పుడు నా ధ్యాసంతా శిక్షాస్మృతి మీదే. రిసెర్చ్ మెథడ్స్ తప్పనిసరి పేపరని తెలిసినప్పుడు, ఎలాగోలా గట్టెక్కితే చాలనుకున్నాను. అప్పటికి మూడేళ్లు విజయవాడ కోర్టులో జూనియర్‌గా చేశాను. చార్జిషీటు చదవడం వచ్చు, వాయిదా అడగడం ఇంకా బాగా వచ్చు. పైగా మా నాన్న రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్. ఇంట్లో అన్నాల దగ్గర కూడా పంచనామాల కబుర్లే. నేరం గురించి నాకు కొత్తగా ఎవరు చెప్పాలి అనే పొగరు కాస్త ఉండేది.

మొదటి క్లాసులో మేడమ్ కాన్సస్ సిటీ ప్రయోగం గురించి చెప్పారు. 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు అమెరికాలోని ఆ ఊరి పోలీసులు 15 బీట్లను, అంటే గస్తీ ప్రాంతాలను, మూడు భాగాలు చేశారు. ఐదింట్లో పెట్రోలింగ్ కార్లు ఊరికే తిరగడం మానేశాయి, ఎవరైనా ఫోన్ చేస్తేనే వెళ్లేవి. ఐదింట్లో గస్తీ రెండు మూడు రెట్లు పెంచారు. మిగతా ఐదింట్లో ఎప్పటిలాగే ఉంచారు. చివరికి చూస్తే నేరాల్లో గానీ, జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఏళ్ల తరబడి నైట్ బీట్ తిరిగిన మనిషి కదా, కోప్పడతాడనుకున్నా. ఆయన మాత్రం "కార్లు తగ్గాయని అక్కడి జనానికి తెలిసిందా?" అని అడిగాడు. మర్నాడు ఆ ప్రశ్నని నాదే అన్నట్టు క్లాసులో అడిగేశాను. ఆ ప్రయోగం మీద వచ్చిన విమర్శల్లో అదీ ఒకటట. మేడమ్ మెచ్చుకున్నారు. నాన్నకి మాత్రం ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

డిసర్టేషన్‌కి నేను రాసుకెళ్లిన టైటిల్ "విజయవాడలో సెల్‌ఫోన్ దొంగతనాల పెరుగుదల: కారణాలు". మేడమ్ అందులో "పెరుగుదల" కింద గీత గీసి, "పెరిగాయని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు. పేపర్లో వస్తోంది కదా మేడమ్ అన్నాను. "అయితే పేపర్లో వార్తలు పెరిగాయి. దొంగతనాలు పెరిగాయో లేదో చూసి రా."

చూడటానికి కూర్చున్నాను. అది 2025 జనవరి. దేశంలోని నేరాల లెక్కలు అచ్చువేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ల 'క్రైమ్ ఇన్ ఇండియా' సంచికల్లో అప్పటికి వచ్చిన చివరిది 2022ది. 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకి విడిగా పట్టికలున్నాయి, వాటిలో హైదరాబాద్ ఉంది, విజయవాడ లేదు. జిల్లాల పట్టికలు వెతికితే దొంగతనాల అంకె దొరికింది గానీ అందులో ఫోన్లెన్నో తేలలేదు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది ముందు పేజీల్లోని లెక్కించే పద్ధతి. ఒక ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, ఎక్కువ శిక్ష పడేదొక్కటే లెక్కలోకి వస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్యల లెక్కలోకి వెళ్తుంది. నేరాలు పెరగడం వేరు, కేసుల నమోదు పెరగడం వేరు, రెండూ కలపొద్దు అని కూడా ఆ పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. ఇన్నేళ్లూ నేను వాదనల్లో ఆ అంకెల్ని ధైర్యంగా చదివేశాను. ఆ పేజీ ఒక్కసారీ తిప్పలేదు.

సరే, ఎఫ్‌ఐఆర్‌లే లెక్కపెడదాం అనుకున్నా. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్లలో పెడుతున్నారు. రాత్రుళ్లు కూర్చుని ఒక్కొక్కటే దించుకుని ఎక్సెల్‌లో ఎక్కించాను. రెండు వారాల తర్వాత ఇంకో గొయ్యి కనబడింది. 2024 జులై 1న చట్టమే మారిపోయింది. దొంగతనానికి జూన్ దాకా పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 379, ఆ తర్వాత కొత్త భారతీయ న్యాయ సంహితలో 303(2). చేతిలోంచి లాక్కుపోతే ఇప్పుడు స్నాచింగ్ అని 304 కింద విడిగా కడతారు. పాత చట్టంలో ఆ పేరుతో సెక్షనే లేదు. అంటే జులై తర్వాత 'దొంగతనం' గడిలో అంకె తగ్గితే, దొంగలు తగ్గారనుకోవాలా, గడి మారిందనుకోవాలా? పైగా కొత్త ప్రొసీజర్ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఐదు వేల రూపాయల లోపు వస్తువు దొంగతనాన్ని నాన్-కాగ్నిజబుల్ కింద, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల కింద, చేర్చారు. కూరగాయల బండి ఆవిడ సెకండ్ హ్యాండ్ ఫోన్ పోతే అది ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ కనిపించకపోవచ్చు. లాయరుగా ఈ సెక్షన్లన్నీ నాకు కంఠతా వచ్చు. అవి అంకెల్ని ఎలా తిప్పేస్తాయో అప్పుడే మొదటిసారి చూశాను.

అసలు సంగతి మాత్రం నాన్న దగ్గర బయటపడింది. నా ఎక్సెల్ షీటు చూపించి, ఒక పెద్ద స్టేషన్‌లో నెలంతటికీ ఇన్నే ఫోన్లు పోయాయా అన్నాను. నవ్వాడు. "పోయినవన్నీ కేసు కడతారేంటి? ఎక్కువ శాతం మిస్సింగ్ కిందే రాయిస్తారు." దొంగిలించారని కాకుండా, ఎక్కడో పడిపోయింది అని అర్జీ తీసుకోవడం. అదేంటి నాన్నా, 2013 లలితా కుమారి తీర్పు ప్రకారం కాగ్నిజబుల్ నేరమైతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి కదా అన్నాను, కోర్టులో నిలబడ్డట్టు. "జడ్జిమెంటు నాకూ తెలుసులే అమ్మా. కేసు కడితే దాన్ని మొయ్యాలి. కేస్ డైరీ రాయాలి, క్రైమ్ మీటింగులో ఇది ఎందుకు పెండింగ్ అని నిలబెడతారు. పోయిందని రాస్తే ఆయనకి కావాల్సిన కాయితం ఆయనకొస్తుంది. కొత్త సిమ్ తీసుకుంటాడు, ఫోన్ బ్లాక్ చేయించుకుంటాడు. వచ్చినవాళ్లలో చాలామందికి కావాల్సిందీ అదే."

నాకు కోపమొచ్చింది గానీ ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. 2023 మే నుంచి దేశమంతటా సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో పోయిన ఫోన్ బ్లాక్ చేయించుకోవచ్చు, దానికి పోలీసుల దగ్గర ఇచ్చిన ఫిర్యాదు కాపీ ఉంటే చాలు. కేసు లేకుండానే పని జరిగిపోతోంది. అప్పుడు టైటిల్ మార్చాను. దొంగతనాలు పెరిగాయా లేదా అని కాదు, పోయిన ఫోన్ ఎప్పుడు 'దొంగతనం' అవుతుంది, ఎప్పుడు 'మిస్సింగ్' అవుతుంది అని. మేడమ్ ఈసారి గీత గీయలేదు.

ఒక నెలలో వచ్చిన మిస్సింగ్ అర్జీలెన్నో చెప్పమని ఒక కార్యాలయానికి ఆర్టీఐ పెట్టాను. 30 రోజుల గడువుంటే 29వ రోజున జవాబొచ్చింది: మీరడిగిన రూపంలో సమాచారం లేదు. ఇక మిగిలింది జనాన్నే అడగడం.

ఇది కొత్త ఆలోచనేం కాదు. పోలీసు లెక్కల్లోకి రాని నేరాల కోసం ఇంటింటికీ వెళ్లి అడగడం అమెరికాలో డెబ్భైల్లోనే మొదలైంది, బ్రిటన్‌లో 1982లో. మన దగ్గర ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ వాళ్లు ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరుల్లో అలాంటి సర్వే చేసి 2017లో నివేదిక ఇచ్చారు. అందులో హైదరాబాదే లేదు, బెజవాడ సంగతి ఇక అడక్కండి.

నా మొదటి ప్రశ్నావళి చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "గత సంవత్సర కాలంలో మీరు ఏదైనా నేరానికి బాధితులయ్యారా?" బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపు సేల్స్ గర్ల్‌ని అడిగితే ఆ అమ్మాయి మొహం మాడ్చుకుని, "ఛ ఛ, అలాంటివేం లేవు మేడమ్" అంది. బాధితురాలు అనగానే ఆమె మనసులోకి ఏమొచ్చిందో నాకు అర్థమైంది. ఆ రోజు పదిమందిని అడిగితే పదిమందీ లేదన్నారు. లేచి వస్తుంటే ఆ అమ్మాయే వెనక నుంచి పిలిచి, "మీరు లాయరంట కదా, నా ఫోన్ బస్సులో కొట్టేశారు, ఏమన్నా దొరుకుతుందా?" అంది! ఇంటికొచ్చి మొత్తం చించేసి మళ్లీ రాశాను. "మీ ఫోన్ ఎప్పుడైనా పోయిందా? ఎవరైనా తీశారనిపించిందా, జారిపోయిందనిపించిందా?" నేరం, బాధితులు, సంవత్సర కాలం అన్న మాటలు తీసేశాను. విదేశీ సర్వేల్లోనూ ఇలా చిన్న చిన్న మాటలతోనే గుర్తు చేయిస్తారని చదివే ఉన్నాను. అయినా ఆ అమ్మాయి పిలిచేదాకా నా బుర్రకెక్కలేదు.

ఎప్పుడు పోయింది అనేది ఇంకో తలనొప్పి. నాకు గత పన్నెండు నెలలే కావాలి. జనానికేమో మనసుకి తగిలిన సంగతి ఎంత పాతదైనా నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటుంది. అమెరికా సర్వేలో అదే ఇంటికి ఆరు నెలలకోసారి వెళ్తారు కాబట్టి పాతవి మళ్లీ రాకుండా చూసుకోగలరు. నేను ఒక మనిషిని రెండోసారి కలవడమే గగనం. అందుకని బెజవాడ వాళ్లకి బెజవాడ గుర్తులు పెట్టాను. ఎలక్షన్లకి ముందా తర్వాతా? బుడమేరు వరదకి ముందా? దసరాకా? అంతే, సింగ్ నగర్ ఆయన ఒకాయన "వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఆ ఫోన్ నా దగ్గరే ఉంది, దాంతోనే బోటు కోసం చేశాను" అని తేల్చేశాడు. ఇన్ని గుర్తుల్లో 2024 సెప్టెంబరు వరద ఒక్కటే ఎవరికీ తప్పలేదు. పని చేసింది కదా అని సంతోషించాలో లేదో తెలియలేదు.

బస్సు దిగేవాళ్లలో ప్రతి పదో మనిషిని అడగాలని నియమం పెట్టుకున్నాను. రెండు రోజులకి కాగితాలు తిరగేస్తే సగానికి పైగా నా వయసు ఆడపిల్లలే. పదో మనిషి హడావుడిగా ఉన్న మగవాడైతే నాకు తెలియకుండానే పదకొండో మనిషి దగ్గరికి వెళ్లిపోతున్నాను. మొహమాటం కూడా శాంపిల్‌ని పాడుచేస్తుంది. దీన్ని దాచకుండా రాయమన్నారు మేడమ్. రాశాను.

మొదటి ప్రశ్నావళిలో ఇంకో తప్పుంది. "ఎవరి మీద అనుమానం?" అని ఖాళీ గీత వదిలాను. ముందుగా చేసిన పైలట్ సర్వేలో ఒక పెద్దాయన మనిషి పేరు చెప్పకుండా ఒక కులం పేరు చెప్పాడు. నేనూ మారుమాట లేకుండా రాసుకున్నాను. మాది బాపట్ల వైపు. స్టూవర్టుపురం పేరు వింటూ పెరిగిన దాన్ని. 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాలు పుట్టుకతోనే మనుషుల్ని దొంగలని రాశాయి, ఆ చట్టాల కింద పెట్టిన సెటిల్‌మెంట్లలో అదొకటి. చట్టం 1952లో పోయింది. ఆ పేరు మాత్రం ఆ ఊరి పిల్లల్ని ఇంకా వదల్లేదు. నా పెన్నుతో నేనే దాన్ని డేటా చేయబోయాను. ఆ ప్రశ్న తీసేశాను, ఆ పెద్దాయన కాగితం కూడా లెక్కలోంచి తీసేశాను.

నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఒక రిపేరు షాపు కుర్రాడి ఇంటర్వ్యూ. మీ పేరు ఎక్కడా రాయను అని ముందే చెప్పి, సంతకం కూడా వద్దని నోటిమాట అంగీకారం తీసుకున్నాను. మాటల్లో అతను, బిల్లు లేని ఫోన్లు తన దగ్గరికి ఎలా వస్తాయో చెప్పుకుంటూ పోయాడు. రికార్డర్ ఆపేశాను గానీ చెవులు ఆపలేను కదా. కక్షిదారు చెప్పిన రహస్యాన్ని కాపాడుకోవడానికి లాయరుగా నాకు సాక్ష్యాల చట్టం రక్షణ ఉంది. పరిశోధకురాలిగా అదేం లేదు. కోర్టు పిలిస్తే వెళ్లి చెప్పాల్సిందే. మరి నాకై నేను పోలీసులకి చెప్పి తీరాలా? ఆ రాత్రి ప్రొసీజర్ చట్టం తీసి, తెలిసిన నేరం గురించి పౌరులు చెప్పి తీరాల్సిన జాబితా చదివాను. హత్య, దోపిడీ, బందిపోటు ఉన్నాయి. మామూలు దొంగతనం లేదు. ఊపిరి పీల్చుకున్నాను. కానీ అంతకుముందే ఆలోచించి ఉండాల్సింది. ఆ తర్వాతి ఇంటర్వ్యూలన్నిటికీ మొదటి మాట మార్చాను: "పేర్లు, రోజులు, చోట్లు నాకు చెప్పొద్దు." నాన్న అడుగుతాడేమోనని ఆ నోట్సు ఇంట్లో కూడా పెట్టలేదు. ఆయన అడగలేదు. కానీ బీరువా తాళం నా దగ్గరే ఉండటం గమనించాడు.

లెక్కలు చేసేటప్పుడు పెద్ద కథేం లేదు. లెక్కలు చేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి యూట్యూబ్, రెండు విషయాలకి సంబంధం ఉందో లేదో చూసే కై-స్క్వేర్ పరీక్ష అర్థం కావడానికి స్టాటిస్టిక్స్ చదివిన మా తమ్ముడు. కేసు కట్టించుకున్న వాళ్లు మరీ కొద్దిమంది కావడంతో కొన్ని గడుల్లో అంచనా సంఖ్య ఐదు కంటే తక్కువొచ్చింది, దాని బదులు చిన్న సంఖ్యలకి వాడే ఫిషర్ పరీక్ష చేయాల్సొచ్చింది. ఫోన్ ఖరీదు, దాని బిల్లు దగ్గరుండటం, వెంట ఎవరైనా తెలిసినవాళ్లు రావడం, వీటికీ కేసు కట్టడానికీ సంబంధం ఉన్నట్టు కనిపించింది. నా శాంపిల్‌తో అంతకుమించి అనకూడదు. "బెజవాడ జనం" అని రాసిన చోటల్లా మేడమ్ కొట్టేసి "నేను మాట్లాడిన వాళ్లు" అని దిద్దారు.

వైవాకి బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్‌గారు పెద్దాయన. పరిమితుల అధ్యాయం ఓపిగ్గా చదివారు. కళ్లద్దాలు తీసి, "మీ ఫోన్ ఎప్పుడైనా పోయిందామ్మా?" అన్నారు.

పోయింది సార్, డిగ్రీలో ఉండగా, బస్సులో.

"కేసు కట్టారా?"

గొంతు కాస్త ఆరిపోయింది. అప్పుడు స్టేషన్‌కి నాన్నే తీసుకెళ్లాడు. పక్కనే నిలబడి ఆయన చెబుతుంటే రాశాను: బస్సు దిగేటప్పుడు ఎక్కడో జారిపోయినది. జిప్పు కోసిన బ్యాగు ఆ పూట కూడా నా భుజానే ఉంది.

"ఈ పట్టికలో మీరు ఏ గడిలో పడతారు?"

టేబుల్ నంబర్ నాలుగు తిప్పి, రెండో గడి మీద వేలు పెట్టాను.