హేవ్‌లాక్ బీచ్ హోటల్లో మా నాయన

అండమాన్ అనగానే అనంతపురంలో అందరూ ‘అబ్బో, అంత దూరమా’ అంటారు గానీ దారి సులువే. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్ళిలో, అంటే మనవైపే ఉంది కాబట్టి హైవే మీద మూడు గంటల్లో చేరిపోవచ్చు. అక్కడ విమానం ఎక్కితే శ్రీ విజయపురం. 2024 దాకా దాన్నే పోర్ట్ బ్లెయిర్ అన్నారు. అక్కడ సెల్యులర్ జైలు చూసుకుని, మరుసటి రోజు ఫెర్రీలో హేవ్‌లాక్ దీవికి పోయాం. ఫెర్రీలో అమ్మకు వాంతులు. అది తప్ప దారిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

సముద్రం ఒడ్డునే ఉండే హోటల్లో దిగాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. నాయనకు ఏ కోరికా లేదు. వేరుశనగ అమ్మేసినాడు, ఫిబ్రవరిలో చేన్లో పని లేదు, అందుకని వచ్చినాడు.

మా హోటల్ దీవికి తూర్పున, విజయనగర్ బీచ్ వైపు ఉంది. కొబ్బరి, వక్క చెట్ల మధ్య విడివిడిగా కాటేజీలు, చెక్క మెట్లు, ముందర ఊయల. ఇంటర్నెట్‌లో చూసిన ఫోటోలో నీళ్ళు దాదాపు ఆ మెట్లదాకా ఉన్నాయి. మేం దిగేసరికి మధ్యాహ్నం. ఎదురుగా చూస్తే నీళ్ళే లేవు. రాళ్ళూ బురదా, అక్కడక్కడా గుంతలు, ఎక్కడో దూరంగా సన్నటి నీలం గీత.

“ఏంది పాపా, సముద్రం యాడికి పాయ?” అన్నాడు నాయన.

విషయం ఏంటంటే, రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటులో నీళ్ళు ఒడ్డుకొస్తాయి, పాటులో వెనక్కి తగ్గుతాయి. తూర్పు ఒడ్డున నేల లోతు లేకుండా చాలాదూరం చదునుగా ఉంటుంది కాబట్టి, పాటు వేళ నీళ్ళు మరీ దూరం పోతాయి. ఆ వేళలు కూడా రోజూ ముప్పావుగంటకు పైగా జరుగుతుంటాయి. ఇవాళ పొద్దున తొమ్మిదికి ఈదినవాడు అదే ధీమాతో వారం తర్వాత తొమ్మిదికి దిగితే మోకాళ్ళు గీసుకుపోతాయి. హోటల్ వాళ్ళ దగ్గర వేళల పట్టిక ఉంది, అడిగితేనే ఇచ్చారు. రాత్రికి ఆరు వేలు పైగా తీసుకుంటున్నప్పుడు అడగకుండానే ఇవ్వొచ్చు కదా! ఫోటో పక్కన ‘ఇది పోటు సమయంలో తీసింది’ అని ఒక్క ముక్క రాసినా వాళ్ళ సొమ్మేం పోదు.

నాయన మాత్రం సముద్రం గురించి అంతకుమించి ఏమీ అడగలేదు. ఆయన కన్ను బాత్రూంలో అంటించిన కాగితం మీద పడింది. దీవిలో మంచినీళ్ళ కొరత, పొదుపుగా వాడండి అని ఇంగ్లీషులో, హిందీలో రాసుంది. చదివి చెప్పగానే ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు ఆయనకు తెలిసిన సబ్జెక్టు దొరికింది మరి.

“ఈడ వాన ఎంత పడ్తాదంట?”

ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా అని ఫోన్లో చూసి చెప్పాను. మన అనంతపురానికి ఐదు వందల యాభై. దాంతోనే ఏడాదంతా నెట్టుకొచ్చే మనిషికి ఇది మింగుడుపడలేదు. అంత వాన పడే చోట నీళ్ళు లేకపోవడమేంటని కండువా భుజాన వేసుకుని బయల్దేరినాడు.

వెనకవైపు తోట పనిచేసే ఆయన దొరికాడు. శ్రీకాకుళం జిల్లా మనిషి. ఈ దీవుల్లో తెలుగువాళ్ళు జనాభాలో పదోవంతు కంటే ఎక్కువే. ఎక్కువమంది శ్రీ విజయపురంలో ఉంటారు. హేవ్‌లాక్‌లో మాత్రం దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువ. అందుకే ఆయన మమ్మల్ని చూసి చాలా సంతోషపడ్డాడు. “బాబూ, ఎక్కడ్నుంచి వచ్చారు?” అని ఆయన, “అనంతపురం, నువ్వు యాడిదీ?” అని ఈయన. ఇంక నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు.

“బోరు ఎన్ని అడుగులు పోయినారు?” ఇదీ నాయన అడిగిన మొదటి ప్రశ్న.

లోతుకు పోకూడదట. చిన్న దీవి కాబట్టి వాననీరు చాలావరకు ఒక్క పరుగున సముద్రంలోకి పోతుంది. ఇంకిన నీళ్ళు భూమి లోపల ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. ఎక్కువ తోడినా, లోతుకు తవ్వినా కింది ఉప్పునీళ్ళు పైకి వస్తాయి. అందుకే ఆ హోటల్‌కు ఉన్నది లోతు లేని ఒక బావి, కప్పుల మీద వాన పట్టుకునే తొట్లు, ఎండాకాలంలో ట్యాంకరు. నాయన నోట మాట రాలేదు. మా పొలంలో మూడు బోర్లు వేయించిన మనిషి. ప్రతిసారీ ‘ఇంకో వంద అడుగులు పోనీ, పడ్తాయి’ అని బండి మనిషి అనడం, అప్పు పెరగడం. ఇక్కడేమో కిందికి పోయేకొద్దీ చెడ్డ నీళ్ళు. మనకూ లోతు బోర్లలో ఫ్లోరైడ్ ఉందనుకోండి, సత్యసాయి నీళ్ళ పథకం వచ్చింది కూడా అందుకే.

రాధానగర్ బీచ్ గురించి తక్కువ చెప్తే అమ్మ ఒప్పుకోదు. అది దీవికి పడమర వైపు. ఆసియాలోనే మేటి అని 2004లో టైమ్ పత్రిక రాసిందట. ఈ బిరుదుల మీద నాకు నమ్మకం తక్కువ, కానీ ఇక్కడ ఆ పత్రికను తప్పుపట్టలేం. వెనక ఆకాశాన్నంటే అడవి, ముందర పిండిలాంటి ఇసుక, పాదం కింద రాయన్నది లేదు. అమ్మ చీరతోనే నడుం లోతు నీళ్ళలో కూర్చుని గంటసేపు లేవలేదు. ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోయాడు. మన దగ్గర ఆ నెలలో ఆరుంపావు దాటాక గానీ దిగడు. దేశమంతా ఒకటే గడియారం కాబట్టి తూర్పున ఇంతే. కాపలా వాళ్ళు ఈల వేసి అందర్నీ బయటికి రప్పించారు. అమ్మకు వాళ్ళ మీద ఇప్పటికీ కోపమే.

తిండి సంగతి. చేపల వేపుడు బాగుంది, పూరీ కూర మామూలుగా ఉంది, సాంబారు అనే పేరుతో ఏదో తీపి నీళ్ళు పోశారు. చెనిక్కాయల పొడి తీసుకుపోయినందుకు అమ్మను మెచ్చుకోవాలి. ఇసుక ఈగలు మాత్రం జాగ్రత్త, సాయంత్రం కాళ్ళకు కొబ్బరినూనె రాసుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో వేసుకోకండి, విమానాశ్రయంలో తీయించేస్తారు.

ఖాళీ చేసేరోజు మేనేజర్ ‘మా సర్వీస్ ఎలా ఉంది’ అని అడిగాడు. నాయన నాకంటే ముందు అందుకున్నాడు. “వెనక వంటిల్లు రేకుల కింద దోనె లేదు, ఆ వాననీళ్ళంతా పోతాయి. దోనె పెట్టి తొట్టికి కలపమని చెప్పు.” నేను హిందీలో చెప్పాను. ఆయన నవ్వి, పుస్తకంలో రాసుకున్నాడు. నేను మాత్రం ఐదుకు నాలుగు చుక్కలే ఇచ్చాను. తగ్గించిన ఒక్కటీ ఆ ఫోటోకి.