గుంట గట్టు మీద నుంచి చేసిన ఫోన్

విడవలూరు వైపు రొయ్యల మేత అమ్మడం నాకిది మూడో ఏడాది. ఇక్కడ మేత అంతా అరువు మీదే నడుస్తుంది, పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాకే డబ్బు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్యల రేటు పడింది. రైతు డీలర్‌కి కట్టలేదు, డీలర్ మాకు కట్టలేదు. నా టార్గెట్ మాత్రం అలాగే ఉంది.

రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నా పైన ఉండే సార్‌కి చెబితే చేతకానివాణ్ణి అనుకుంటారని భయం. ఒకటే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

ఒకరోజు బాకీ అడగడానికి వెళ్తే ఒక రైతు అన్న రొయ్యల గుంటలోంచి చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగాడు. పొద్దున వేసిన మేత అలాగే ఉంది. దాని మీద రెండు రొయ్యలు, తల పెంకు నిండా తెల్ల మచ్చలు. "నువ్వే చూడు తమ్ముడూ" అన్నాడు, అంతే. నాకు నోట మాట రాలేదు.

ఆ గట్టు మీద నుంచే ఫోన్ చేశాను. "సార్, నా ఒక్కడి వల్ల కావడం లేదు. ఒకసారి వచ్చి చూడండి."

మర్నాడు పొద్దున్నే నెల్లూరు నుంచి బండి మీద వచ్చేశారు. డీలర్ దగ్గర కూర్చుని రైతువారీగా బాకీలు రాయించారు. పట్టుబడికి దగ్గరున్న గుంటలు ఒక పక్క, జబ్బు తగిలినవి ఇంకో పక్క. జబ్బు తగిలిన రైతులకు గడువు పెంచమని పైవాళ్లకు ఆయనే రాశారు. టార్గెట్ తగ్గించలేనని కూడా ముఖం మీదే చెప్పారు. ఆ సూటిదనం నాకు నచ్చింది.

వెళ్తూ, "ముందే చెప్పుంటే బాగుండేది కదయ్యా" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. రేపు ఇద్దరం కలిసి ఇందుకూరుపేట వెళ్తున్నాం.