చీనీ మార్కెట్‌లో తాళం పడ్డ పికప్

మా పికప్‌ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తాళం చెవి ఒకటే వచ్చింది. రెండోది ఏదని అడిగితే, "బండి ఒకటే కదమ్మా, రెండెందుకు?" అన్నాడు అమ్మినాయన. అప్పుడు అందరం నవ్వేసి ఊరుకున్నాం.

మార్చిలో ఒకరోజు చీనీకాయలు (బత్తాయిలు) వేసుకుని, పుట్లూరు నుంచి నార్పల మీదుగా తెల్లారేసరికి అనంతపురం మార్కెట్ యార్డుకు చేరుకున్నాం. బండి నేనే నడుపుతా. పక్కన మా ఆడబిడ్డ కొడుకు. లోపలికి వెళ్లాక కుడివైపు ఒక లారీ ఆనుకుని ఉంది, నా తలుపు తీసే వీల్లేదు. ఎడమ తలుపులోంచి దిగాను. ముందు బండి కాయలు దించుకుని కదిలితే మేమూ కాస్త ముందుకు జరగాలి కాబట్టి చెవి మా బండికే ఉంచాను. నాకంటే ముందే దిగి నిలబడ్డ పిల్లోడు అలవాటుగా లాక్ బుడిపె కిందికి నొక్కి తలుపు ధడాలున మూశాడు. వాడికి ఆ అలవాటు నేర్పింది మా మామే. బండిలోంచి ఒకసారి టూల్ బాక్స్ పోయినప్పటి నుంచి, దిగితే నొక్కాల్సిందే.

నా వైపు బుడిపె ఎలాగూ కిందే ఉంటుంది. గుంతల్లో ఆ తలుపు ఊడి తెరుచుకుంటుంది, అందుకే నొక్కి పెడతాను. పొద్దున చలిగాలికి అద్దాలు రెండూ ఎత్తేసి ఉన్నాయి. ఫోను, డబ్బుల సంచి, చద్దన్నం డబ్బా అన్నీ లోపలే.

కాయలకేం ఢోకా లేదు, వెనక తొట్టి తెరిచే ఉంది. హమాలీలు దించేసి రాశి పోశారు కూడా. ఖాళీ అయిన బండి కదలకపోవడమే అసలు తంటా. గేర్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది, నెట్టినా కదలదు. వెనకున్న బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. వేలం మొదలయ్యేలోపు అందరూ తమ కాయలు దించుకోవాలి, ఎవరి టెన్షన్ వాళ్లది.

జనం పోగయ్యారు. సలహాలన్నీ పద్నాలుగేళ్ల పిల్లోడికి చెబుతున్నారు, నడిపేది నేనైనా! "అబ్బయ్యా, చిన్నద్దం పగలగొట్టు, పోతే పోతుంది" అన్నాడొకాయన. తలుపు మూలన ఉండే ఆ మూడు మూలల అద్దం చిన్నదే కానీ, పాత మోడల్‌కు అది దొరకాలంటే షాపులన్నీ తిరగాలి. ఇంకొకాయన వెనక అద్దం చూపించి, "స్క్రూడ్రైవర్‌తో రబ్బరు లేపి తోస్తే అద్దం మొత్తం ఊడొస్తుంది" అన్నాడు. వస్తుంది, నిజమే. పాత బండ్లకు ఆ అద్దం రబ్బరు పట్టు మీదే నిలబడుతుంది. కానీ ఎండకు రాయిలా బిగిసిన మా రబ్బరు ఊడితే మళ్లీ ఎక్కదు, తర్వాత వానాకాలం ఎవరు తడవాలి?

ఒక డ్రైవర్ తన బండి చెవి తెచ్చి ఎడమ తలుపుకు పెట్టి చూశాడు. అరిగిపోయిన తాళాలు ఒక్కోసారి వేరే చెవికీ తిరుగుతాయి. మాది చెవి లోపలికే పోనివ్వలేదు, రంధ్రమంతా మట్టీ తుప్పూ. ఇంకొకాయన అద్దానికీ రబ్బరుకూ మధ్య స్టీల్ స్కేలు దోపబోతుంటే నేనే ఆపాను. తలుపు లోపల బుడిపెను లాక్‌కు కలిపే సన్నటి కడ్డీ ఉంటుంది. చేయి తిరిగినవాడైతే స్కేలుతో దాన్ని కదిలించి తీస్తాడు. లేకపోతే కడ్డీ క్లిప్పులోంచి ఊడిపోయి, బుడిపె లేపినా తలుపు రాదు.

చివరికి వచ్చింది పెట్టెలకు పట్టీ కట్టే పెద్దాయన. "జరగండప్పా" అని, భుజం మీది ప్లాస్టిక్ ప్యాకింగ్ పట్టీలోంచి బారెడు తెంపాడు. తలుపు పైమూలన చెక్కముక్కకు టవలు చుట్టి దోపి, వేలు పట్టేంత సందు చేశాడు. పట్టీని మధ్యకు మడిచి, మడత ముందుండేలా లోపలికి పంపాడు. లోపలికి పోయాక ఒక కొస లోపలికి తోస్తే మడత ఉచ్చులా తెరుచుకుంది. దాన్ని బుడిపె తల మీదికి దించి, రెండు కొసలూ బిగించి పైకి లాగాడు. మొదట జారింది. "మెల్లగా సామీ" అని తనకు తానే చెప్పుకుంటూ మళ్లీ వేశాడు. టక్.

మా బుడిపెకు పుట్టగొడుగు లాంటి తల ఉండబట్టి ఉచ్చు పట్టింది. కొత్త బండ్లకు బుడిపె నున్నగా పైకి సన్నబడుతూ ఉంటుంది, కొన్నింటికి అసలు బయటికే కనపడదు. కారణం ఇదే అనుకుంటా.

పెద్దాయన రెండొందలు అడిగాడు, ఇచ్చాను. అద్దం ఖరీదుతో పోలిస్తే అగ్గువే.

అదేరోజు అనంతపురం పాతూరులో తాళాలు చేసే షాపుకు వెళ్లాం. అరిగిన చెవి చూసి కోస్తే కొత్త చెవి కూడా అరిగినట్టే పుడుతుందని ఆయన ముందే చెప్పాడు. తాళం లోపలి ఇత్తడి రేకులు పాత అరుగుదలకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి ఇప్పటికి తిరుగుతుంది కానీ, సరిగ్గా కావాలంటే తాళం ఊడదీసి రేకుల కొలతకు కోయాలి. ఖర్చు ఎక్కువైనా ఊడదీయించాను. ఎడమ తలుపు రంధ్రం కూడా శుభ్రం చేయించి గ్రాఫైట్ పొడి కొట్టించాను. నూనె పోస్తే మన ఎర్రమట్టి దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

కొత్త చెవి ఎక్కడ పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద పంచాయితీ. బండి అడుగున అయస్కాంతం డబ్బీలో పెడదామంది మా తోడికోడలు. మా ఊరి రోడ్డు మీద అది సాయంత్రం దాకా నిలవదు. చివరికి పిల్లోడి మొలతాడుకు కట్టాం. స్కూలుకు పోయేటప్పుడు విప్పి మామకు ఇవ్వాలి. వాడు మరిచిపోతుంటాడు, మధ్యాహ్నం ఆ చెవి కావాలంటే నేను స్కూలు దగ్గరికి పోవాల్సి వస్తోంది.