గోడ దగ్గరకు రాని భక్తులు

యెరూషలేములో పాత ఆలయ ఆవరణకు మిగిలిన పడమటి గోడను తాకి ప్రార్థించాలని మా యాత్రాబృందంలో అందరికీ ఆశగా ఉండేది. గుంటూరు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మా అందరినీ గోడ ముందున్న ఆవరణలో నిలబెట్టి పాస్టరుగారు వాక్యం చెప్పారు. యెహెజ్కేలు 37వ అధ్యాయంలోని ఎండిన ఎముకల లోయ గురించీ, ఒక్కనాడే ఒక జనం పుట్టడం గురించి అడిగే యెషయా 66వ అధ్యాయం గురించీ వివరించి, 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడటం ఆ ప్రవచనాల నెరవేర్పేనన్నారు. మన సంఘాల్లో చిన్ననాటి నుంచి వింటున్న బోధే ఇది. అయితే ఆ ప్రవచనాలను తరతరాలుగా హీబ్రూలో చదువుతున్న యూదులలోనే ఈ బోధను అవిశ్వాసంగా భావించే భక్తులున్నారనీ, వారిలో కొందరు గోడకు అరగంట నడక దూరంలోనే ఉంటూ అక్కడికి రారనీ మా మేనకోడలు చెప్పింది. ఆమె ఆ నగరంలో ఒక వృద్ధురాలికి కేర్‌గివర్‌గా పనిచేస్తోంది.

"రేపు సాయంత్రం మేయా షెఆరీమ్ తీసుకెళ్తాను మావయ్యా. అత్తయ్యను మాత్రం మోచేతులు దాటే జాకెట్టు వేసుకోమనండి" అంది.

మేయా షెఆరీమ్ పాత నగరపు గోడల వెలుపల 1874లో మొదలైన పేట. స్త్రీలు నిండుగా బట్టలు కట్టుకుని రావాలని కోరే పెద్ద బోర్డులు దాని ప్రవేశమార్గాల్లోనే కనిపించాయి. గురువారం సాయంత్రం కావడంతో సబ్బాతు కోసం రొట్టెలు కొనేవారితో వీధులు కిటకిటలాడుతున్నాయి. మనుషులు తూర్పు ఐరోపా యూదుల భాష అయిన యిద్దిష్‌లో మాట్లాడుకుంటున్నారు. గోడల నిండా ఒకదానిమీద ఒకటి అంటించిన నల్లటి అక్షరాల ప్రకటనలు. వాటి నడుమ, తాము యూదులమే కాని జియోనిస్టులం (యూదులకు సొంత రాజ్యం కావాలనేవారం) కామని చాటే రాతలు.

ప్రార్థనా గ్రంథాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో, న్యూయార్కులో పెరిగి వచ్చిన పెద్దాయన ఇంగ్లిషులో మాతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఈ నేలమీద మీకు ప్రేమ లేదా అని నేను అడగగానే ఆయన నొచ్చుకున్నారు. సీయోనుకు తిరిగి చేర్చమని రోజుకు మూడుసార్లు ప్రార్థిస్తామనీ, చేర్చవలసినవాడు దేవుడేననీ అన్నారు. మా పాపాల వల్లనే మా దేశం నుంచి చెరకు పోయామని పండుగ ప్రార్థనల్లో యూదులు నేటికీ ఒప్పుకుంటారు. ఆలయాన్ని క్రీ.శ. 70లో కూల్చింది రోమా సైన్యమే అయినా శిక్ష వేసింది దేవుడు కాబట్టి, దానిని ఎత్తివేయవలసినదీ ఆయనే, అదీ మెస్సీయ ద్వారానే. శిక్ష ముగియకముందే సైన్యంతో, ఎన్నికలతో తమకు తామే విడుదల ప్రకటించుకోవడం పశ్చాత్తాపాన్ని తోసిపుచ్చడమని వారి విశ్వాసం.

దీనికి ఆధారం మన సంఘాల్లో క్రీస్తుకూ సంఘానికీ మధ్య ప్రేమగా చదువుకునే పరమగీతములోనే ఉంది. ప్రేమకు ఇష్టమయ్యేదాకా దానిని లేపవద్దని యెరూషలేము కుమార్తెల చేత ప్రమాణం చేయించే మాట అందులో మూడుచోట్ల వస్తుంది. యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని కెతుబోత్ భాగం దానిని మూడు ప్రమాణాలుగా వివరిస్తుంది: ఇశ్రాయేలీయులు బలప్రయోగంతో మూకుమ్మడిగా ఆ దేశానికి తరలిపోరాదు, అన్యజనులపై తిరగబడరాదు, అన్యజనులు వారిని మితిమీరి హింసించరాదు. ఇది కథాభాగమే కాని ధర్మశాసనం కాదనీ, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసాన్ని సమర్థించిన బ్రిటన్ బాల్ఫర్ ప్రకటనతో, అక్కడ యూదు రాజ్యానికి ఒప్పుకున్న 1947 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానంతో అన్యజనుల అనుమతి దొరికిందనీ, మూడో ప్రమాణాన్ని వాళ్ళే ఎన్నడో భంగపరచారనీ ఇతర రబ్బీల సమాధానం. ఆ సమాధానంలో బలముందని నాకనిపించింది.

అనుమతి ఉన్నా ప్రమాణం ప్రమాణమేనని వాదించి, 1961లో పెద్ద గ్రంథమే వెలువరించినవారు సత్మార్ అనే భక్తవర్గానికి పెద్ద అయిన రబ్బీ యోయెల్ టైటెల్‌బామ్. నాజీల మారణహోమాన్ని కూడా ఆయన ఈ ప్రమాణభంగానికి ఫలితంగానే చూశారు. చనిపోయినవారిని తలచుకుంటే ఆ మాట నాకు మింగుడుపడదు. పైగా 1944లో హంగేరీ నుంచి ఆయన ప్రాణాలతో బయటపడింది జియోనిస్టు నాయకుడు కాస్ట్‌నర్ నాజీలతో మాట్లాడి కుదిర్చిన రైలులోనే. 1967 యుద్ధంలో ఇశ్రాయేలు పాత నగరాన్ని పట్టుకున్న తరువాత, ఆ రాజ్యం చేతుల మీదుగా దక్కిన గోడ దగ్గరకు వెళ్ళవద్దని తన అనుచరులకు చెప్పింది కూడా ఆయనే. పెద్దాయన ఆ మాటకే కట్టుబడ్డారు. వేల మైళ్ళు దాటి మేము తాకిన రాళ్ళను ఆయన ఇన్నేళ్ళుగా తాకలేదు.

ఈ వైఖరికి వారు మూల్యం కూడా చెల్లిస్తున్నారు. ఎదా హహరేదిత్ అనే కఠిన నిష్ఠగల యూదు సమాజానికి చెందిన ఈ కుటుంబాలు ఎన్నికల్లో ఓటు వేయవు, వారి బడులు ప్రభుత్వ నిధులు తీసుకోవు. అలాగని నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ ఈ పక్షమనుకోకూడదు. హరేదీలలో, అంటే కఠిన నిష్ఠగల యూదులలో, ఎక్కువమంది ఓటు వేస్తారు, వారి పార్టీలు మంత్రిపదవులు కూడా పొందాయి. 1930లలో పుట్టిన నెతురేయి కార్తా వర్గం వీరిలో అతి తీవ్రమైనది. వారిలో కొందరు 2006లో టెహ్రాన్‌లో మారణహోమాన్ని శంకించే సభకు వెళ్ళినప్పుడు ఎదా, సత్మార్ పెద్దలు సైతం ఖండించారు. ఆ ప్రస్తావన తెస్తే పెద్దాయన తల అడ్డంగా ఊపి, వాళ్ళ గురించి మాట్లాడనన్నారు. రాజ్యం పోతే ఇక్కడివారి గతి ఏమిటని అడిగితే, ఒక్క రక్తపుచుక్క చిందకుండా అది జరగాలని ప్రార్థిస్తున్నామన్నారు. అది ఎలా సాధ్యమో నాకు బోధపడలేదు. దేవుడికి బోధపడితే చాలన్నది ఆయన ధోరణి.

మరునాడు ఒలీవల కొండమీద గైడు మాకు మాజీ ప్రధాని మెనాహెమ్ బెగిన్ సమాధి ఉన్న దిక్కు చూపించాడు. డచ్ కవి, న్యాయవాది యాకోబ్ ఇస్రాయెల్ డి హాన్‌ను పాతిపెట్టింది కూడా ఆ కొండమీదే. 1919లో జియోనిస్టుగా వచ్చి, తరువాత జియోనిజాన్ని వ్యతిరేకించిన హరేదీ పెద్ద రబ్బీ సొనెన్‌ఫెల్డ్ పక్షాన చేరిన ఆయనను, హరేదీల తరఫున మాట్లాడటానికి లండన్ బయలుదేరబోతుండగా 1924 జూన్ 30న జియోనిస్టుల సాయుధదళం హగానా మనుషులు కాల్చి చంపారు. ఆ సమాధి ఎటువైపని అడిగితే, ఆ పేరుతో ఇంతవరకు ఏ యాత్రికుడూ తనను అడగలేదన్నాడు గైడు. పాస్టరుగారు మాత్రం ఆయనెవరని ఆరా తీశారు. బస్సులో కూర్చున్నాక నేను మూడు ప్రమాణాల గురించి చెప్పగా విని, బైబిలు తెరిచి, పరమగీతము 2వ అధ్యాయం తీశారు.