తడబడిన అడుగుల పద్యం

తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గుడిలో గజేంద్ర వరదరాజ స్వామి సన్నిధి ఉంది. గరుడుడి మీద ఉంటాడు స్వామి. మొన్న శనివారం ఆ సన్నిధి ముందు చెప్పాలని మా మేనకోడలికి వారం రోజులు ఒక పోతన పద్యం నేర్పాను. చెన్నైలో పుట్టిన పిల్ల. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. నేను చెబుతుంటే తమిళ లిపిలో రాసుకుంది.

అడిగెదనని కడువడిఁ జను
నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

ఏనుగు మొర వినగానే స్వామి ఉన్నపళంగా బయల్దేరాడు. లక్ష్మీదేవికి చెప్పలేదు, పట్టుకున్న ఆమె చెంగూ వదల్లేదు. ఎక్కడికని అడుగుదామని ఆ తల్లి గబగబా నడుస్తుంది. అడిగినా బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది.

ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే వృత్త్యనుప్రాస అని స్కూల్లో మార్కుల కోసం బట్టీపట్టాం. ఈ పద్యంలో 62 అక్షరాలుంటే 23 చోట్ల డకారమే. రెండు, నాలుగు పాదాల చివర తప్ప అన్నీ లఘువులే, ఒక్క దీర్ఘం లేదు. అన్నీ చిన్న చిన్న అడుగులు. పైగా అడగడం, అడుగు వేయడం మన భాషలో ఒకే మాటలా వినిపిస్తాయి. ఆమె నోట రాని ప్రశ్న కాళ్లలోకి దిగింది. పోతన అలంకారం పద్యానికి పెట్టిన నగ కాదు, అమ్మవారి నడకే అది.

'వెడవెడ సిడిముడి' దగ్గర పిల్ల రోజూ తడబడేది. నాకు టెన్షన్‌గా ఉండి రెండుసార్లు కసిరాను కూడా. తర్వాత తన నోట్‌బుక్ చూశాను. తమిళంలో డ అక్షరం మెట్టులా ఉంటుంది, నిలువుగా ఒక గీత, కింద అడ్డంగా ఇంకో గీత. పేజీ నిండా మెట్లే. అమ్మవారే తడబడిన చోట పసిదాని నాలుక తడబడితే తప్పేముంది? ఆ తర్వాత దిద్దలేదు.

సన్నిధిలో పద్యం చెప్పేసి, ప్రదక్షిణ చేస్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఇంతకీ లక్ష్మీదేవి అడిగిందా?"

అడగలేదమ్మా అన్నాను. ఏనుగును కాపాడాక స్వామే, చిరునవ్వుతో ఉన్న ఆమెను 'బాలా!' అని పిలిచి, నీ చెంగు పట్టుకుని వచ్చేశానే, నన్ను ఏమనుకున్నావు అని అడిగాడు.