క్రైసిస్ పక్కన ఏ క్రియ పెట్టాలి?

క్రైసిస్ అన్న మాట అందరికీ వచ్చు. దాని పక్కన ఏ క్రియ పెట్టాలన్న దగ్గరే చిక్కంతా. తెలుగులో సంక్షోభం తలెత్తుతుంది, ముదురుతుంది. అందులో కూరుకుపోతాం, చివరికి ఎలాగో గట్టెక్కుతాం. ఇంగ్లీషుకీ ఇలాంటి జతలు ఉన్నాయి గానీ, మన క్రియని తీసుకెళ్లి అక్కడ పెడితే అతకదు. తలెత్తింది అనడానికి ‘ఎ క్రైసిస్ రెయిజ్డ్’ అని రాసేస్తుంటారు. రెయిజ్‌కి కర్మ ఉండి తీరాలి కాబట్టి అది తప్పు. ‘ఎ క్రైసిస్ అరోజ్’ అనాలి. ఉన్నట్టుండి భగ్గుమంటే ‘ఎరప్టెడ్’.

క్రియ వెతుక్కునే ముందు, సంక్షోభం ఏ దశలో ఉందో తేల్చుకోండి. ఇంకా రాలేదు, వచ్చేలా ఉంది అంటే ‘ఎ క్రైసిస్ ఈజ్ లూమింగ్’. దేశమో కంపెనీయో అటే పోతోందంటే ‘హెడింగ్ ఫర్ ఎ క్రైసిస్’. అంచుదాకా వచ్చేస్తే ‘ఆన్ ద బ్రింక్ ఆఫ్ ఎ క్రైసిస్’. ‘అవర్ట్’ అన్న క్రియకి చోటు ఇక్కడే, రాకముందే తప్పించడం అని దాని అర్థం. వచ్చి, ఆరు నెలలు పీడించి పోయినదాన్ని ‘ద క్రైసిస్ వాజ్ అవర్టెడ్’ అని రాస్తే అసలు రానే లేదని చెప్పినట్టవుతుంది. పరీక్ష వ్యాసాల్లో ఈ తప్పు తెగ కనిపిస్తుంది.

1962 అక్టోబరులో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య వచ్చిన క్యూబా క్షిపణి సంక్షోభం దీనికి మంచి ఉదాహరణ. క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటామని సోవియట్ యూనియన్ 28న ప్రకటించింది. అక్కడ అవర్ట్ అయింది యుద్ధం. సంక్షోభం మాత్రం ‘డీఫ్యూజ్’ అయింది, అంటే పేలబోయేదాని ఒత్తి పీకేశారన్నమాట. రాసేటప్పుడు డి తర్వాత ఇ అక్షరం రావాలి. ఐ, తర్వాత రెండు ఎఫ్‌లు పడితే వ్యాపించడం అనే వేరే మాట అయిపోతుంది. రెండు పక్షాలు బిగుసుకుని కూర్చున్న సందర్భాలకే డీఫ్యూజ్ నప్పుతుంది. కరువునో ధరల పెరుగుదలనో డీఫ్యూజ్ చేయలేం. అవి ‘ఈజ్’ అవుతాయి, అంటే కాస్త తెరిపి ఇస్తాయి.

కారణం చెప్పేటప్పుడు అందరూ ‘ట్రిగర్’ మీద పడతారు. 1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేయడం సూయజ్ సంక్షోభాన్ని ట్రిగర్ చేసింది అంటే సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఒక్క చర్యతో అంతా మొదలైంది. ఏళ్ల తరబడి పేరుకున్న కారణాలకైతే ‘లెడ్ టు’, ‘కంట్రిబ్యూటెడ్ టు’ మేలు. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేయడం ఆర్థిక సంక్షోభాన్ని ట్రిగర్ చేసిందని రాస్తుంటారు. అమెరికా గృహరుణాల గొడవ 2007లోనే బయటపడింది కదా, అందుకే నా లెక్కలో అక్కడ ‘డీపెన్డ్’ అన్నదే నికార్సైన మాట.

ముదరడానికి ‘ద క్రైసిస్ ఇంక్రీజ్డ్’ అనకండి, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘డీపెన్డ్’, ‘వర్సెన్డ్’ ఎక్కడైనా చెల్లుతాయి. ‘ఎస్కలేటెడ్’ గొడవలు, ఘర్షణలు పెరిగినప్పుడు బాగుంటుంది. కూరుకుపోయింది అనాలంటే ‘వాజ్ ప్లంజ్డ్ ఇంటు క్రైసిస్’.

బయటపడే దశలో రెండు క్రియల్ని కలగలిపేస్తారు. ‘రిజాల్వ్’ అంటే సమస్యను తేల్చేయడం. ‘వెదర్’ అంటే అది పోయేదాకా తట్టుకుని నిలబడటం, తేల్చకపోయినా ఫరవాలేదు. చేతిలో ఉన్న నగదుతో కష్టకాలం నెట్టుకొచ్చిన కంపెనీ ‘వెదర్డ్ ద క్రైసిస్’, అంతే తప్ప రిజాల్వ్ చేసినట్టు కాదు. సాల్వ్ కూడా వాడతారు గానీ ప్రాబ్లమ్‌కి సాల్వ్, క్రైసిస్‌కి రిజాల్వ్ అనుకుంటే నిశ్చింత.

విశేషణాల్లో ‘సివియర్’, ‘అక్యూట్’, ‘ఫుల్ బ్లోన్’ వాడుకోండి. ‘హెవీ’, ‘స్ట్రాంగ్’ పనికిరావు. ఆర్థిక సంక్షోభం ‘ఎకనామిక్ క్రైసిస్’. ‘ఎకనామికల్’ అంటే పొదుపైన అని. ప్రభుత్వాలు ‘డిక్లేర్’ చేసేది సాధారణంగా ఎమర్జెన్సీని. క్రైసిస్‌కి ఆ క్రియ అరుదు.

‘ఎ’ ఉందా లేదా అన్నదీ చూసుకోవాలి. ‘ద బ్యాంక్ ఈజ్ ఇన్ క్రైసిస్’ అంటే బ్యాంకు ఆ స్థితిలో ఉంది. ‘షీ ఈజ్ కామ్ ఇన్ ఎ క్రైసిస్’ అంటే ఎప్పుడు ఆపద వచ్చినా ఆమె కంగారుపడదు.

బహువచనం ‘క్రైసిసెస్’ కాదు, ‘క్రైసీజ్’. రాతలో రెండో ఐ బదులు ఇ వస్తుంది, అంతే. ‘వన్ ఆఫ్ ద వర్స్ట్’ తర్వాత ఎప్పుడూ ఈ రూపమే రావాలి.