పిండిన చెంగు నీళ్లు

మహాలయ అమావాస్య నాడు రాజమండ్రి కోటిలింగాల రేవులో కాసేపు కూర్చుని చూడండి. తర్పణాలు ఎంత శ్రద్ధగా మొదలవుతాయో అంత అన్యాయంగా ముగుస్తాయి. తండ్రి, తాత, ముత్తాతలకి గోత్రం, పేరు, వసురుద్రాదిత్య రూపాలు అన్నీ నిండుగా పలుకుతాం, పెదనాన్నలూ మేనమామలూ మేనత్తల దగ్గరికి వచ్చేసరికి వేగం అందుకుంటుంది, ఆఖరి శ్లోకానికి సగం మంది లేచి ఫోన్ వెతుక్కుంటుంటారు.

యే కే చాస్మత్కులే జాతా అపుత్రా గోత్రిణో మృతాః
తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకం

మన వంశంలో పుట్టి, కొడుకులు లేకుండా పోయినవాళ్లకి తడి చెంగు పిండిన నీళ్లు. అందరికీ నువ్వులూ దర్భలూ, వీళ్లకి ఈ పిండిన నీళ్లేమిటని ఒకప్పుడు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ కోపం లేదు. అవి మన ఒంటిని అంటుకున్న బట్టలోంచి, ఆ వేడితోనే వస్తాయి. చెంబులో నీళ్లకి అది ఎక్కడిది?

మా చిన్నాన్న పెళ్లి చేసుకోలేదు. పోయిన రోజు పలకరించడానికి వచ్చినవాళ్లు ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక అరుగు మీదే తచ్చాడారు. నాన్న సావిట్లో, పెద్దత్త వంటింట్లో, పిల్లలం తొమ్మిదిమందిమి పెరట్లో, ఎవరి ఏడుపు వాళ్లం ఏడ్చాం. మమ్మల్ని ఎక్కించుకునేటప్పుడు ఒత్తుకోకూడదని సైకిల్ ముందు కడ్డీకి ఆయన చుట్టిన తువ్వాలు ఆ రోజు కూడా అలాగే ఉంది.

యుద్ధం అయ్యాక గంగ ఒడ్డున అందరికీ నీళ్లు వదులుతుంటేనే కదా కుంతి నోరు విప్పింది, కర్ణుడికీ వదలండి, మీ అన్న అని. మన ఇళ్లలోనూ అలా లెక్క తప్పినవాళ్లు ఉంటారు. రేవుకి వెళ్లే ముందు ఇంట్లో పెద్ద ఆడవాళ్లని అడగండి, మనం మరిచిపోయిన పేర్లు వాళ్ల దగ్గర ఉంటాయి. పంతులుగారు తొందరపెడితే ఒక్క నిమిషం ఆగమనండి, ఏం కొంప మునిగిపోదు.

పోయినేడు పెద్దత్త కొడుకు నా పక్కనే కూర్చున్నాడు. చిన్నాన్నని తలుచుకుని నేను చెంగు పిండుతుంటే తనూ తన చెంగు తడిపాడు.

"నీది వేరే గోత్రం కదా బావా" అన్నాను.

"సైకిలెక్కించుకున్నప్పుడు అడిగాడా?" అని, తలెత్తకుండా పిండుతూనే ఉన్నాడు.